కంప్యూటరు ఆటకు బొమ్మలు: మా యనుభవము

గత సంవత్సరము వేసవి సెలవులలో ఒకనాటి మధ్యాహ్నము మేము ఆవకాయ జాడీల కెత్తుచుండగా, తొమ్మిదవ తరగతికి వచ్చిన మా యమ్మాయి చెంతకు వచ్చి, "అమ్మా, నేనొక గేమ్ తయారు చేస్త. బొమ్మలు గీసేటందుకు సాఫ్ట్‌వేర్ కావాలె" అనెను. ఆటలాడుట మాని ఆటలు చేయుటకు పూనుకొన్నది గదా యని సంతసించి "అట్లే కానిమ్ము" అంటిమి. ఆ మాటకు మేము చెల్లించిన మూల్యమెట్టిదో, పిదప మేము నేర్చుకొన్నదేమో, పిల్లలు గల సోదరీమణుల కుపకరించునేమో యని యిచట వ్రాయుచున్నాము.

మా యూరు గుండ్లపోచంపల్లి. పేరు వినగానే క్రొత్తవారు "పోచంపల్లియా! చీరలెట్లమ్ముచున్నారు?" అని యడుగుదురు. ఆ చీరల పోచంపల్లి వేరు. 1951లో వినోబాభావేగారు భూదానోద్యమము నారంభించిన యూరది. మాది సికిందరాబాదునుండి మేడ్చల్ మీదుగా నిజామాబాదు పోవు రైలుదారిలో నున్నది. మా యూరనున్నవి ఎపారెల్ పార్కులోని కుట్టుమిషనులేకాని మగ్గములు కావు. ఐనను ఆ పోచంపల్లి చీరయే యీ విషయమున మాకు గురువైనది. ఆ సంగతి ముందు చెప్పెదము.

అమ్మాయి తలపెట్టిన యాట యిది. బతుకమ్మ పండుగనాటి యుదయము ఒక చిన్నపిల్ల గంప చేతబట్టి చెరువుకట్ట వెంబడి పోవుచు తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పూలు కోయవలెను. ప్రొద్దు గ్రుంకులోపల బతుకమ్మ వరుసలు నిండవలెను. త్రోవలో మేకలు వచ్చి గంపలోని పూలు తినిపోవును. పాలపిట్ట కనబడినచో ఒక వరుస ఊరకే నిండును. ఈ కథయంతయు నోటుపుస్తకములో వ్రాసికొని, ఆటను నడిపించు భాగమును గోడో యను సాధనముతో నేర్చుకొనుచుండెను. అర్జెంటీనా దేశస్థు లిరువురు నిర్మించి 2014లో అందరికిని విడిచిపెట్టిన సాధనమది; దానికి రుసుము లేదు. చిక్కంతయు బొమ్మలయొద్దనే వచ్చినది.

మాకేమి తెలియును? పుట్టినింట తండ్రిగారియొద్ద అమరము, కవిత్రయ భారతము, కొన్ని ప్రబంధములు చదువుకొన్నవారమేకాని కంప్యూటరు ముందు కూర్చుండి యెరుగము. మావారు బడిపంతులు, ప్రశ్నపత్రములు టైపు చేయుట మాత్రమే యాయనకు వచ్చును. ఇంటనున్నది ఏడేండ్లనాటి లాప్‌టాపు, మెమరీ 4 జీబీ. దానిని తీసికొని మేడ్చల్ త్రోవలో నొక దుకాణమునకు పోయితిమి. దుకాణదారుడు పేరుగల యొక ఖరీదైన సాఫ్టువేరును జెప్పి, "నెలనెలా పైసలు గట్టి ఎవరు వాడుతరు మేడమ్? ఐదు వందలియ్యిండ్రి, అన్నీ ఎక్కిస్త" అనెను. అది తాళము పగులగొట్టిన ప్రతి యని మాకు సగము తెలిసినది, సగము తెలియనట్లుంటిమి. చౌకగా వచ్చుచున్నదన్న యాశ యట్టిది. ఎక్కించునపుడు వైరసు కాపలాను ఆపవలెనని యాతడు చెప్పెను; ఆపెను; మరల తెరువలేదు. దొంగను పిలుచుటకు ముందుగా కుక్కను కట్టివేయుచున్నామని మాకప్పుడు తోచలేదు.

రెండు మాసములు అమ్మాయి రేయింబవళ్లు బొమ్మలు గీసెను. నలువదిమూడు బొమ్మలు. శ్రావణమాసములో నొకనాటి యుదయము లాప్‌టాపు తెరచిచూడగా ప్రతి ఫైలు పేరుచివర ఏదో తెలియని తోక. ఏదియు తెరుచుకొనదు. తెరపై ఆంగ్లమున నొక జాబు: ఇంత సొమ్ము బిట్‌కాయినులలో పంపినచో తాళము తీయుదుమని. బొమ్మలతోపాటు మావారి ప్రశ్నపత్రములు, మా తండ్రిగారి షష్టిపూర్తినాటి ఫొటోలు కూడ పోయినవి. తండ్రిగా రిప్పుడు లేరు. "అమ్మా, నా పూలన్నీ పోయినయ్" అని పిల్ల గోడవైపు తిరిగి పండుకొనెను. మావారు కోపించువారు కారు, కోపించినను బాగుండెడిది. "దొంగసొమ్ము ఇంట్లకు తెచ్చుకుంటే గిట్లనే అయితది" అని యొక్కమాట యని బడికి పోయిరి. ఆ ఐదువందలు మా కొంగుముడినుండి తీసి యిచ్చినవి. తప్పెవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మావారి పూర్వశిష్యుడొకడు ఇంజనీరింగు చదువుచున్నాడు. ఆతడు వచ్చి యంత్రమును పూర్తిగా తుడిచి, క్రొత్తగా నిలిపి, "అమ్మా, ఊరికే ఇచ్చే మంచివి ఇన్ని ఉండంగ దొంగది ఎందుకు?" అని యొక కాగితముపై కొన్ని పేర్లు వ్రాసి యిచ్చిపోయెను. ఆనాటినుండి మేము చూడనిది ఏదియు నెక్కించరాదని కట్టడి చేసితిమి. కట్టడి చేసినపిదప చూడక తప్పదు గదా! రాత్రి భోజనములైన తరువాత మేమును అమ్మాయియు లాప్‌టాపు ముందు కూర్చుండుట అట్లు మొదలైనది. ఆ పేర్లలో ఏది మేలైనదో తేల్చుటకు మేమొక పద్ధతి పెట్టుకొంటిమి: ప్రతి సాధనముతోను ఒకే తంగేడు పూవును గీయవలెను. ఒకే బియ్యముతో నాలుగు గిన్నెలలో వండిచూచినట్లు.

చీర గురువైన సంగతి చెప్పెదమంటిమి గదా. కంప్యూటరు బొమ్మలు రెండు జాతులు. ఒకటి గడులతో నేసినది, రెండవది గీతలతో గీసినది. పోచంపల్లి పనివారు ముందుగా గడుల కాగితముపై నమూనా వేసికొని, ఏ గడి కే రంగో చూచి, నూలును అక్కడక్కడ కట్టి, రంగులో ముంచి, ఆ పిమ్మట నేయుదురు. పిక్సెలు బొమ్మయు నట్టిదే. నిలువున 16, అడ్డమున 16 గడులైనచో మొత్తము 256. ప్రతిదానికి ఒక్కొక్క రంగు. దానిని పెద్దది చేసినచో గడులు పెద్దవగునేకాని వివరము పెరుగదు. గీతల బొమ్మ యట్లుకాదు. అది ముగ్గు నోటితో చెప్పినట్టిది. ఈ చుక్కనుండి ఆ చుక్కకు ఇట్టి వంపు అని లెక్కగా నుండును; వాకిట వేసినను, దేవుని పీటపై వేసినను అదే ముగ్గు. ఈ భేదము తెలియక దుకాణమునకు పోవుట, ఏమి వండవలెనో తెలియక గిన్నె కొనుటవంటిది. మేము చేసినది సరిగా నదియే.

మొదట జింప్ అను దానిని చూచితిమి. 1995లో అమెరికాలోని బర్క్‌లీలో చదువుచున్న ఇద్దరు విద్యార్థులు మొదలిడిన పని యిది. నేటికిని నడచుచున్నది, 2025లో మూడవ పెద్దకూర్పు వచ్చినది. ఫొటోలు దిద్దుటకు, కత్తిరించుటకు, రంగులు సరిచేయుటకు మిక్కిలి మంచిది. గడుల బొమ్మకు వచ్చునప్పటికి ఒక మెలకువ కావలెను: కుంచెను పట్టినచో అంచులు మసకబారును, పెన్సిలను పరికరమును పట్టినచో గడి గడిగా నిలుచును. అది తెలియక మా మొదటి తంగేడు పూవు వానలో తడిసిన కాగితమువలె నుండెను. మాకు మెనూలు వెదకుకొనుటయే సగము పని యైనది. అమ్మాయికిని నచ్చలేదు.

గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్. 2003లో మరియొక దానినుండి చీలి వచ్చినది. ఆట పేరు, బొత్తాములు, గంప గురుతు వంటివాని కింతకంటె వెదకనక్కరలేదు. తంగేడు పూవు మాత్రము దీనిలో పాఠ్యపుస్తకములోని పటమువలె వచ్చెను, సొంపు లేదు.

క్రిటా పేరు చూడగానే మాకు నవ్వు వచ్చెను. స్వీడను దేశపు భాషలో ఆ మాటకు సుద్దముక్క యని యర్థమట. మన భారతములోని కృత శబ్దమునుగూడ ఆ పేరు పెట్టినవారు తలచిరని చదివినప్పుడు మాకు కలిగిన సంతోష మింతంత కాదు. కృత, త్రేత, ద్వాపర, కలి యనునవి యుగముల పేర్లగుటయేకాక పాచికల పందెముల పేర్లును; అందు కృతమే గెలుపు. ఆటకు బొమ్మలు గీయు సాధనమునకు పాచికల గెలుపు పేరు వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును, ఐనను మాకు ముచ్చటయైనది. ఇది చిత్రకారుల కొరకే చేసిన పరికరము. కుంచెలు లెక్కకు మిక్కిలి. రుసుములేక తెచ్చుకొనవచ్చును, ఇచ్చగలవారి కొరకు కొన్ని యంగళ్లలో వెల పెట్టియు నమ్ముదురు, ఆ సొమ్ము దానిని నిర్మించువారి పోషణకు పోవును. మేము గమనించిన గొప్ప సౌకర్యము మరియొకటి. కీబోర్డుపై డబ్ల్యూ అక్షరము నొక్కినచో గీయుచున్న చిన్నబొమ్మ నలుదిక్కుల పరచుకొని కనబడును. నేల, గడ్డి, నీరు వంటివి ఆటలో ఒకే చిన్నపలకను పదేపదే పేర్చి చేయుదురు. పలక కుడియంచు ఎడమయంచుతో కలియనిచో చెరువుకట్ట పొడవునా అతుకులు కనబడును. అమ్మాయి "మంచిగనే ఉంది కదా" అనుచుండెను. చీర కొంగునకు అంచు సరిగా కలిసినదో లేదో చూచిచూచి అలవాటు పడిన కన్నులు మావి. ఆరుచోట్ల అతుకు చూపితిమి. ఆనాటినుండి నేల పలకలు మా వంతు.

మా లాప్‌టాపుపై క్రిటా కొంత బరువు. పెద్దబొమ్మ తెరచినచో పంఖా గట్టిగా మ్రోగును. కావున దానిని చెరువు, ఆకాశము, దూరపు చెట్లు మొదలగు వెనుకటి తెరలకే యుంచుకొంటిమి.

బ్లెండర్ మాట రెండు ముక్కలలో చెప్పెదము, ఏలయన మా యంత్రము దానిని మోయలేదు, మాకది కావలసియు నుండలేదు. అన్నివైపులనుండి చూడదగిన విగ్రహములవంటి బొమ్మలు దానితో చేయుదురు. 2002లో దాని మూలమును కొనివేసి లోకమునకు విడిచిపెట్టుటకు చందాలెత్తగా, ఏడు వారములలో 1,00,000 యూరోలు కూడినవట. దానితోనే గీసిన లాత్వియా దేశపు పిల్లి కథ 'ఫ్లో' 2025లో ఆస్కారు బహుమానము పొందినది. ఊరక వచ్చినది నాసిరకమను బంధువులకు మేము చెప్పు జవాబిదే.

ఇక గడుల బొమ్మలకే ప్రత్యేకించిన సాధనములు. వీనిలో అందరు పొగడునది ఏస్‌ప్రైట్. దాని వెల 20 డాలర్లకు ఒక సెంటు తక్కువ. మన లెక్కలో 1,700 రూపాయలకు పైమాటే, కాని యొక్కసారి చెల్లించిన చాలును. దీని కథ చిత్రమైనది. 2016వరకు ఇది స్వేచ్ఛాసాధనమే. అటుపిమ్మట నిబంధన మారినది. మూలగ్రంథమింకను అందరికిని కనబడును; ఓపికగలవారు దానినుండి తమ యింట తామే తయారుచేసికొని వాడుకొనవచ్చును; కాని ఇతరులకు పంచరాదు. అనగా బియ్యము పప్పు ఊరక ఇత్తుము, మీ ఇంట వండుకొని తినుడు, వీధిలో వడ్డింపకుడు, వండిన భోజనమే కావలెనన్న వెల యిండు అని చెప్పినట్లు. మా కది న్యాయముగనే తోచినది. శ్రమపడువాడు బ్రతుకవలెను గదా. పాత నిబంధనల కాలమునాటి ప్రతిని పట్టుకొని కొందరు లిబ్రేస్ప్రైట్ అను పేర వేరుకాపురము పెట్టిరి. అది మిక్కిలి తేలిక. పాత యంత్రములపై చక్కగా నడచును, క్రొత్త హంగులు తక్కువ. గోడోతోనే నిర్మించిన పిక్సెలోరామా మరియొకటి, గ్రీసు దేశమువారిది. ఏదియు నెక్కింపకయే బ్రౌజరులో గీయదగిన పిస్కెల్ ఇంకొకటి. మొదటిసారి ప్రయత్నించు పిల్లలకు మే మదియే చూపుదుము.

అమ్మాయికి ఏస్‌ప్రైట్ మీదనే మనసు. మేము తంగేడు పూవు పరీక్ష పెట్టితిమి. కొనక పూర్వము చూచుటకు దాని నమూనా ప్రతి యొకటి ఇత్తురు. దానిలో గీయవచ్చునుగాని దాచుకొనుటకు వీలులేదు. దానిలోను, లిబ్రేస్ప్రైట్‌లోను, పిక్సెలోరామాలోను ఒకే పూవు గీసి, పిల్ల నడచుటకు నాలుగు బొమ్మలు చేసి చూచితిమి. నడక గీయునపుడు వెనుకటి బొమ్మ పలుచగా క్రింద కనబడవలెను. ఉల్లిపొర యందురు దానిని. అది మూడింటను గలదు. ఏస్‌ప్రైట్‌లో చేతికి త్రోవ తొందరగా దొరికినమాట నిజము. ఐనను అమ్మాయికి కావలసిన పని పిక్సెలోరామాలో ఏదియు నాగలేదు. దానినే యుంచితిమి. 1,700 రూపాయలు మాకు చిన్న మొత్తము కాదు. అప్పటికే ఒకసారి సొమ్ము పోగొట్టుకొన్నవారము.

పూవు విషయము కొంచెము చెప్పక విడువలేము. 256 గడులలో తంగేడు పూవు గీయుట చూచుటకు సులభము. ఐదు పసుపురేకులు పెట్టగానే అది బంతిపూవైనది. మరల పెట్టగా ముద్ద పసుపైనది. ఒకనాటి ప్రొద్దున రైలుకట్ట ప్రక్కనుండి తంగేడు కొమ్మ తెచ్చి బల్లపై పెట్టి చూచితిమి. రేకులు సమముగా లేవు. నడుమనుండి కేసరములు వంకరగా ముందుకు వచ్చుచున్నవి. రెండు గడులు గోధుమరంగు చేసి వంపు చూపగానే తంగేడైనది. రెండే గడులు! 1981లో జపానులో ఆట బొమ్మ గీసిన షిగెరు మియమోటోగారు, తరువాత మారియో యని ప్రసిద్ధుడైన యా పాత్రకు మీసము పెట్టినది చిన్నగడులలో ముక్కు వేరుగా కనబడుటకట; టోపీ పెట్టినది వెండ్రుకలు గీయు బాధ తప్పించుకొనుటకట. 1984లో మకింతోష్ కంప్యూటరుకు గురుతులు గీసిన సుసాన్ కేర్ అను నామె ముందుగా గడుల పుస్తకముపైననే వేసి చూచుకొనెడిది. సూదిపనియు, రాళ్లు పొదుగు పనియు నెరిగినదగుటచే ఆమె కా విద్య అలవోకగా పట్టుపడెను. ఇది చదివిన తరువాత మేమును మా గళ్లగుడ్డ కుట్టుపని నమూనాలు బయటికి తీసితిమి. కుట్టులో రంగుదారము ఎట్లు పొదుపుగా వాడుదుమో ఈ బొమ్మలలోను రంగు లట్లే పొదుపు చేయవలెను. ఆట మొత్తమునకు 16 రంగులే యని నియమము పెట్టుకొంటిమి. బొమ్మలన్నియు ఒకే యింటివారివలె కుదిరినవి.

గునుగు పూవు వేరొక పాఠము చెప్పెను. అమ్మాయి దానిని జేపెగ్ ఫైలుగా దాచెను. ఆటలో పెట్టగా పూవు చుట్టును తెల్లని చతురము, తెలుపులో తెలుపు కలిసి గునుగే కనబడలేదు. జేపెగ్ ఫొటోలకు మంచిది. దానిలో పారదర్శకత యుండదు, ప్రతిసారి దాచినప్పుడు కొంత మెరుగు పోవును. ఆట బొమ్మలకు పీఎన్‌జీ కావలెను. అంతకంటె ముఖ్యము, సాధనముయొక్క సొంత రూపములో నున్న మూలఫైలును వేరుగా దాచుకొనుట. పీఎన్‌జీ వండిన యన్నము, మూలఫైలు బియ్యము. ఇంకొకటి, గడుల బొమ్మను పెద్దది చేయునపుడు మధ్య రంగులు కల్పింపవలదని యంత్రమునకు చెప్పవలెను. చెప్పనిచో అది మనకు మేలు చేయుచున్నాననుకొని బొమ్మనంతయు మసక చేయును. ఇప్పుడు మా యింట ప్రతి ఆదివారము మూలఫైలులు రెండు పెన్‌డ్రైవులలోనికి ఎక్కును. ఒకటి మా యింట, ఒకటి మా చెల్లెలింట. నలువదిమూడు బొమ్మలు పోయినవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

తెలుగు అక్షరముల యొద్ద మరల చిక్కు వచ్చినది. అమ్మాయి పాత గోడోలో "బతుకమ్మ" యని వ్రాయగా మకారవత్తు క్రిందికి దిగక ప్రక్కన విడిగా నిలిచెను. 2023లో వచ్చిన నాలుగవ కూర్పునుండి వత్తులు, గుణింతములు సరిగా కలియుచున్నవి. అక్షరముల కొరకు అమెరికాలోని సిలికానాంధ్రవారి పూనికతో వెలువడిన ఉచితమైన ఫాంటులు గలవు. వాని పేర్లు చూచి మేము నివ్వెరపోతిమి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ, వెనువెంట శ్రీకృష్ణదేవరాయలును. చిన్ననాడు ప్రబంధములలో కలిసికొన్నవారందరును లాప్‌టాపులో వరుసగా కొలువుదీరి యుండిరి! బతుకమ్మకు రామభద్రుని బొద్దు అక్షరములు కుదిరినవి. గడులలో తెలుగు గీయుటకు మొదట ప్రయత్నించితిమి. వత్తులకు క్రింద, గుడులకు పైన చోటు కావలెను, ఆంగ్లమువలె ఎనిమిది గడుల ఎత్తులో ఇముడదు. మానుకొంటిమి.

ఆంగ్లమున 'ఫ్రీ' యను నొక్కమాటతోనే రెండర్థములు గడుపుదురు. మనకు రెండు మాటలున్నవి: ఉచితము, స్వేచ్ఛ. రిచర్డ్ స్టాల్‌మన్‌గారు 1983లో ప్రారంభించిన ఉద్యమము రెండవదానికి. మూలమును చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. హైదరాబాదులో నీ పనిచేయు సంస్థ పేరే 'స్వేచ్ఛ'. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు జింప్, ఇంక్‌స్కేప్ వంటివానితోనే నేర్చుకొనుచున్నారు. 2018నుండి అచట 'లిటిల్ కైట్స్' అను పేర బడిపిల్లల సంఘములు నడచుచున్నవి. మావారీ సంగతి విని, తమ బడిలో మూలబడియున్న కంప్యూటరులను తుడిపించి చూచెదమనిరి. చూడవలెను.

ఉచితమైనవన్నియు స్వేచ్ఛగలవి కావు. కొన్నిటిలో నిమిషమునకొక ప్రకటన. కొన్ని మనము గీసిన బొమ్మపై తమ ముద్ర వేయును. కొన్నిటిలో బొమ్మలు వారి యింటనే యుండును. రేపు వారు తలుపు వేసినచో మన బొమ్మలు వారి గదిలో. ఏకలవ్యుడు విద్య నేర్చుకొనుచుండగా ద్రోణుడేమియు నడుగలేదు. విద్య వచ్చిన తరువాత బొటనవ్రేలడిగెను. కావున ఏదైన సాధనము నెక్కించుటకు ముందు మేమిప్పుడు అమ్మాయినడుగు ప్రశ్న యొక్కటే: "దీన్ల గీసింది నీ దగ్గరనే ఉంటదా?" అద్దె సాధనములకును ఈ ప్రశ్న తగులును. అడోబీ సంస్థవారు 2013నుండి ఫోటోషాపు క్రొత్త కూర్పులను ఒక్కమొత్తమున కమ్ముట మాని చందా పద్ధతి పెట్టిరి. పెద్ద సంస్థలలో పనిచేయువారికది గిట్టును; వారి పని దానితోనే నడచుచున్నది. తొమ్మిదవ తరగతి పిల్లకు నెలనెల చందా యనగా, చందా నిలిచిననాడు కుంచె చేతినుండి జారిపోవుటయే.

ఇతరులు గీసి విడిచిపెట్టిన బొమ్మలును దొరుకును. నెదర్లాండ్సుకు చెందిన కెన్నీ యను నాతడు వేలకొలది ఆట బొమ్మలను ఏ నిబంధనయు లేక ఇచ్చుచున్నాడు. చెట్లు, రాళ్లు అక్కడివి తీసికొనుమంటిమి. అమ్మాయి చూచి, "గివి మన చెట్లు కావమ్మా" అనెను. నిజమే. అందు తుమ్మచెట్టు లేదు.

పోయిన నలువదిమూడు బొమ్మలలో ఇప్పటికి ముప్పదియొకటి మరల గీసినది. మునుపటివానికంటె బాగున్నవని మేమందుము. అమ్మాయి ఒప్పుకొనదు, మొదటి మేకయే బాగుండెనని దాని పట్టు. గుమ్మడిపూవు ఇంకను కుదరలేదు. నేల పలకలు మేము పదునాలుగు చేసితిమి. చెరువుగట్టు మెట్ల యంచు ఒకటి మాత్రము కలియుట లేదు, దానిని నిన్న రాత్రి రెండుసార్లు విప్పి మరల నేసితిమి. మావారు వెనుకనిలిచి చూచి, "మేక కొమ్ములు చిన్నగయినయ్" అని పోయిరి. ఇంతవరకు ఆటపై ఆయన పలికిన మొదటి మాట యది.

అమ్మాయి బీరువాలో నొక బిస్కట్ల డబ్బా దాచినది. ఏస్‌ప్రైట్ కొరకట. పండుగలకు పెద్దలిచ్చినది, పుట్టినరోజున నాయనమ్మ యిచ్చినది కూడి అందులో 1,150 రూపాయలైనవి. అవసరము లేదని మేము తంగేడు పూవుతో నిరూపించితిమి గదా యనగా, "అవసరమని కాదమ్మా, గది చేసినాయనకు పైసలియ్యాలె" అనెను. మేమేమియు ననలేదు. దసరాకు దాని మేనమామ వచ్చును.